సిపాయి రికార్డులో తప్పు: నిరూపించాల్సింది ఎవరు?

డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినోత్సవం. 1949 నుంచి మన దేశం ఈ రోజును పాటిస్తోంది. దానికి దగ్గరగా వచ్చే ఆదివారం మన సంఘాల్లో చాలాచోట్ల సైనికుల కోసం ప్రత్యేక ప్రార్థన చేస్తాం. సైన్యంలో పనిచేసి వచ్చిన విశ్వాసులు ఉంటే లేచి నిలబడమంటాం, చప్పట్లు కొడతాం. చొక్కాకు చిన్న జెండా స్టిక్కరు అంటించుకుని ఇంటికి వెళ్తాం. అది మంచిదే. అయితే ఈసారి ఆరాధన ముగిశాక మా గది గుమ్మం దగ్గర ఒక పెద్దావిడ ప్లాస్టిక్ సంచి పట్టుకుని నిలబడ్డారు. ఈ వారం సంపాదకీయం ఆ సంచి గురించి.

ఆమె భర్త హవల్దారుగా రిటైరయ్యారు. 1966లో సైన్యంలో చేరి, 1984లో డిశ్చార్జి అయి, ఊరికి వచ్చి సెక్యూరిటీ గార్డుగా మరికొన్నేళ్లు పనిచేసి, రెండేళ్ల క్రితం ప్రభువునందు నిద్రించారు. ఆయన ఉన్నన్నాళ్లూ పెన్షను వచ్చింది. ఆయన పోయాక కుటుంబ పెన్షను ఆమెకు రావాలి. అది ఇప్పటికీ రాలేదు. సైన్యం రికార్డులో ఆయన భార్య పేరు ఒకటి ఉంది, ఈమె ఆధార్ కార్డులో ఇంకొకటి ఉంది. రికార్డులో ఉన్నది పుట్టింటివారు పెట్టిన పేరు. ఆధార్‌లో ఉన్నది బాప్తిస్మంలో పెట్టిన పేరు. ఆ ఇద్దరూ ఒక్కరేనని ఇప్పుడు ఈమె నిరూపించుకోవాలి. అఫిడవిట్ ఇచ్చారు, నోటరీ చేయించారు, సర్పంచి రాసిన కాగితం జతచేశారు. మూడుసార్లు రిజిస్టర్డ్ పోస్టులో పంపితే మూడుసార్లూ ఏదో ఒకటి తక్కువైందని తిరిగొచ్చాయి.

సంచిలో ఇంకో సంగతి కూడా ఉంది. 1971 యుద్ధంలో ఆయన తూర్పు రంగంలో ఉన్నారు. అక్కడి యుద్ధంలో పాల్గొన్నవారికి పూర్వీ స్టార్, పడమటి రంగంలో పాల్గొన్నవారికి పశ్చిమీ స్టార్ ఇచ్చారు. ఈయన డిశ్చార్జి పుస్తకంలో పతకాల గడిలో పూర్వీ స్టార్ లేదు. ఆ నెలల్లో ఆయనను తన యూనిట్ నుంచి వేరే యూనిట్‌కు తాత్కాలికంగా పంపారట. ఆ సంగతి రాయవలసిన చోట ఎవరూ రాయలేదు. రిటైరయ్యాక ఆయన రెండుసార్లు అర్జీ పెట్టుకున్నారు. మొదటిదానికి జవాబు లేదు. రెండోదానికి గడువు దాటిందని జవాబొచ్చింది.

“పతకానికి డబ్బు రాదు కదమ్మా, ముందు పెన్షను సంగతి చూద్దాం” అన్నాం.

“డబ్బు కాదండి అయ్యగారూ. ఆయన యుద్ధానికి వెళ్లారని ఎక్కడో ఒకచోట రాసుండాలి కదా” అన్నారావిడ.

ఇది ఒక్క ఇంటి కథ అయితే సంఘ పెద్దలతో కలిసి సర్దేవాళ్లం. ఇక్కడ రాసే అవసరం ఉండేది కాదు. మాధవరం వంటి సైనిక గ్రామాలున్న రాష్ట్రం మనది. మన సంఘాల్లో కూడా తాతల కాలం నుంచి మద్రాసు రెజిమెంటుకో, ఫిరంగి దళానికో, ఈఎంఈకో పిల్లలను పంపిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వాళ్లలో ఎవరి ఇంట్లోనైనా ఇనప్పెట్టె తెరవండి. ఇలాంటి ఒక సంచి బయటపడుతుంది.

ఈ తప్పులు ఎలా పడతాయో తెలియని పాఠకుల కోసం కొంచెం చెప్పాలి. సిపాయి ఎక్కడ పనిచేసినా అతని కాగితాలు అతని దళానికి చెందిన రికార్డ్స్ ఆఫీసులో ఉంటాయి. మద్రాసు రెజిమెంటుకు నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో, ఫిరంగి దళానికి నాసిక్‌లో, ఈఎంఈకి మన సికింద్రాబాదులోనే ఆ ఆఫీసులున్నాయి. పెళ్లి, బిడ్డ పుట్టుక, సెలవు, బదిలీ, ప్రమోషను, పతకం, ఏది జరిగినా యూనిట్‌లో పార్ట్ టూ ఆర్డరు అనే కాగితం వెలువడాలి. అది రికార్డ్స్ ఆఫీసుకు చేరి, షీట్ రోల్ అనే అతని పట్టీలోకి ఎక్కాలి. ఆర్డరు వెలువడకపోయినా, వెలువడి దారిలో తప్పిపోయినా, గుమాస్తా ఒక అక్షరం తప్పు రాసినా, ఆ సంగతి సిపాయికి తెలిసేది సాధారణంగా ఇరవై ముప్పై ఏళ్ల తర్వాతే. ఎందుకంటే ఆ పట్టీ అతని చేతిలో ఉండదు.

మన తెలుగువాళ్లకు ఇందులో అదనపు చిక్కు ఉంది. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. ఫారంలో అది చివర రావాలి. ఏసుదాసు అని మనవాడు చెబితే, తెలుగు రాని గుమాస్తా ఒకచోట జేసుదాస్ అనీ, ఇంకోచోట యేసుదాస్ అనీ ఇంగ్లీషులో రాస్తాడు. దానికి తోడు మన సంఘాల్లో బడికి ఒక పేరు, గుడికి ఒక పేరు ఉన్నవాళ్లు కోకొల్లలు. దాని వెనుక ఉన్న 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, దళిత క్రైస్తవుల రిజర్వేషన్ల కథ వేరే సంపాదకీయానికి సంబంధించింది. ఇప్పటికి ఇంతే చెబుతాం: రెండు పేర్లతో బతకడం మనవాళ్లు సరదాకి ఎంచుకున్నది కాదు.

ఒకప్పుడు పెన్షను బ్యాంకు నుంచి వచ్చేది. మేనేజరుకు ముసలాయన ముఖం తెలుసు, ఆయన భార్య ముఖమూ తెలుసు. ఇప్పుడు రక్షణ శాఖ పెన్షన్లను స్పర్శ్ అనే కంప్యూటరు వ్యవస్థలోకి తెచ్చారు. ప్రయాగ్‌రాజ్‌లోని పెన్షను కార్యాలయం కేంద్రంగా లక్షలాది మంది ఖాతాలు అందులోకి మారాయి. మంచి ఉద్దేశంతో చేసిన పని, చాలామందికి మేలు కూడా జరిగింది. కానీ కంప్యూటరు ముఖాన్ని చూడదు, అక్షరాన్ని చూస్తుంది. నలభై ఏళ్లుగా ఎవరూ పట్టించుకోని అక్షరదోషాలన్నీ ఒక్కసారిగా బయటపడ్డాయి. వాటిలో ఎక్కువ భాగం విధవరాండ్ర మీదే పడ్డాయనిపిస్తుంది మాకు. భర్త ఉన్నంతకాలం భార్య పేరు ఎలా రాసి ఉందో చూసేవాళ్లు ఎవరు?

చదువురాని సిపాయిలకే ఇలా జరుగుతుందని అనుకోకూడదు. సైన్యాధిపతికే జరిగింది. జనరల్ వి.కె. సింగ్ పుట్టిన తేదీ సైన్యంలోని ఒక విభాగం రికార్డులో 1950 మే 10 అని, ఇంకో విభాగం రికార్డులో 1951 మే 10 అని ఉండేది. పదో తరగతి సర్టిఫికెట్టులో ఉన్నది 1951. కుర్రవాడిగా ఉన్నప్పుడు నింపిన దరఖాస్తులో పడింది 1950. లక్షల మందికి అధిపతి అయిన మనిషి తన పుట్టినరోజును సరిచేయించుకోలేక సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2012 ఫిబ్రవరిలో కోర్టు చెప్పింది ఏమిటంటే, ఇక్కడ ప్రశ్న ఆయన నిజంగా ఎప్పుడు పుట్టారన్నది కాదు, రికార్డులో ఏ తేదీని గుర్తించారన్నది. పైగా అంతకుముందు ఆయన 1950ని ఒప్పుకుంటూ ఉత్తరాలు ఇచ్చి ఉన్నారు. ఆయన పిటిషను వెనక్కి తీసుకున్నారు, ఆ మే నెలాఖరున రిటైరయ్యారు. చట్టం ప్రకారం కోర్టు తీర్పులో తప్పు పట్టడం మా ఉద్దేశం కాదు. కానీ ఒక మనిషి నిజంగా పుట్టిన రోజు కంటే కాగితం మీద పుట్టిన రోజు బలమైనదని దేశమంతా ఆ రోజు చూసింది. జనరల్ గారికి లేని బలం మన హవల్దారు భార్యకు ఎక్కడి నుంచి వస్తుంది?

కార్గిల్ యుద్ధంలో ఇంకో విచిత్రం జరిగింది. టైగర్ హిల్ మీద 1999 జూలైలో పోరాడిన 18వ గ్రెనేడియర్స్ జవాను యోగేంద్ర సింగ్ యాదవ్‌కు పరమవీర చక్ర ప్రకటించారు, మరణానంతర పురస్కారంగా. ఆయనేమో గాయాలతో ఆసుపత్రిలో బతికే ఉన్నారు. అదే పటాలంలో అదే పేరున్న మరో జవాను ప్రాణాలర్పించాడు. ఒక పేరు ఇద్దరిదైనందుకు బతికున్నవాడు కాగితం మీద చనిపోయాడు. దేశమంతా ఆయన వైపు చూస్తున్నందున ఆ తప్పు వెంటనే తెలిసింది, సరి అయింది. ఎవరూ చూడని సిపాయి విషయంలో అదే తప్పు పడితే ఎవరు దిద్దుతారు?

అదే యుద్ధం నుంచి మూడో ఉదాహరణ ఉంది. మన విషయానికి అన్నిటికంటే దగ్గరైనది అదే. బటాలిక్ రంగంలో 70వ ఇన్‌ఫంట్రీ బ్రిగేడ్‌ను నడిపించిన బ్రిగేడియర్ దేవిందర్ సింగ్‌కు మహావీర చక్ర కోసం సిఫారసు ఉండగా, చివరికి దక్కింది విశిష్ట సేవా పతకం. యుద్ధం గురించిన నివేదికల్లో ఆయన పాత్ర తగ్గిపోయింది, వార్షిక రహస్య నివేదికలో మార్కులు తగ్గాయి, మేజర్ జనరల్ పదోన్నతి రాలేదు. ఆయన సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు వెళ్లారు. 2010 మేలో ట్రిబ్యునల్ తీర్పు ఇచ్చింది. అప్పటి కోర్ కమాండర్ పక్షపాతంతో వ్యవహరించారనీ, యుద్ధ నివేదికలు జరిగింది జరిగినట్టు లేవనీ, వాటిని సరిదిద్దాలనీ, పదోన్నతి విషయం మళ్లీ పరిశీలించాలనీ చెప్పింది. యుద్ధం జరిగిన పదకొండేళ్లకు ఒక సైనికుడి అర్జీ మీద యుద్ధ చరిత్రనే దిద్దమని ఒక న్యాయస్థానం ఆదేశించింది. మన దేశంలో ఇది చిన్న విషయం కాదు.

ఈ తీర్పులో మేము గమనించింది ఒకటి ఉంది. బ్రిగేడియర్ గారి దగ్గర యుద్ధకాలపు కాగితాల జ్ఞానం ఉంది, ఏ నివేదిక ఎవరు రాస్తారో తెలుసు, ఏది అడగాలో తెలుసు. ఎక్కడ వెతకాలో తెలిసినవాడు కాబట్టి వెతికించగలిగాడు. మన సిపాయికి తన షీట్ రోల్‌లో ఏముందో కూడా తెలియదు. తెలియని దానిలో తప్పుందని నిరూపించమంటే ఎలా?

దారి అంటూ లేకపోలేదు. 2007లో చట్టం వచ్చి, 2009లో పని మొదలుపెట్టిన ఈ ట్రిబ్యునల్ అందుకే పుట్టింది. మన రెండు రాష్ట్రాలూ చెన్నై బెంచి కిందికి వస్తాయి. కానీ ఆఖరి ఉత్తర్వు వచ్చిన ఆరు నెలల్లోగా వెళ్లాలన్నది మామూలు నియమం. ఆలస్యానికి తగిన కారణం చూపితే మన్నించవచ్చు. పెన్షను విషయంలో సుప్రీంకోర్టు 2008లో కొంత ఊరట ఇచ్చింది. ప్రతి నెలా కొనసాగే అన్యాయం కాబట్టి ఆలస్యమైందని అర్జీని తోసిపుచ్చనక్కర్లేదు, బకాయిలు మాత్రం మామూలుగా మూడేళ్లకే పరిమితం అంది. పతకానికి ఆ ఊరట లేదు. పతకం నెలనెలా రాదు కదా. కొన్నేళ్ల క్రితం మంజూరైన 17 బెంచీల్లో సగం కూడా సభ్యులు లేక నడవని రోజులు చూశాం. ఇంకో నియమం ఉంది, అది మరీ బాధాకరం: పెన్షను రాని సైనికుల కాగితాలను 25 ఏళ్ల తర్వాత నాశనం చేస్తారు. అర్జీ గడువు దాటిందంటారు, గడువు దాటాక కాగితం కాల్చేశామంటారు, కాగితం లేదు కాబట్టి రుజువు నువ్వే తెమ్మంటారు.

సైన్యం వైపు న్యాయం కూడా చెప్పాలి. దొంగ విధవలు ఉన్నారు, రెండో పెళ్లి దాచినవాళ్లు ఉన్నారు, సంతలో కొన్న పతకాలు ఛాతీకి తగిలించుకుని తిరిగేవాళ్లూ ఉన్నారు. గుమాస్తా కఠినంగా ఉండకపోతే అసలైన విధవరాలి సొమ్ము ఇంకొకరి చేతికి పోతుంది. కాబట్టి రుజువు అడగొద్దని మేము అనడం లేదు. వెతికే శ్రమ ఎవరిది, అనుమానం వచ్చినప్పుడు దాని లాభం ఎవరికి అన్నదే మా ప్రశ్న.

ఈ ప్రశ్నకు మన సర్వోన్నత న్యాయస్థానమే ఒక విషయంలో జవాబిచ్చింది. 2013 జూలైలో ధరమ్‌వీర్ సింగ్ కేసు. 1985లో సిగ్నల్స్ దళంలో చేరిన సిపాయికి ఉద్యోగంలో ఉండగా మూర్ఛ వ్యాధి వచ్చింది, 1994లో ఇంటికి పంపారు. ఈ జబ్బుకు సైనిక సేవ కారణం కాదని మెడికల్ బోర్డు తేల్చి వైకల్య పెన్షను నిరాకరించింది. కోర్టు ఏమన్నదంటే, చేరేటప్పుడు మీరే పరీక్షించి చేర్చుకున్నారు, జబ్బు ఉందని అప్పుడు రాసుకోలేదు, కాబట్టి అది సేవలోనే వచ్చిందని అనుకోవాలి, కాదని చూపించే భారం సిపాయిది కాదు. కలం పట్టుకున్నవాడు రాయకపోతే, ఆ రాయకపోవడం వల్ల వచ్చే నష్టం కలం లేనివాడి మీద పడకూడదు. 2023లో వచ్చిన కొత్త వైకల్య నియమాలు ఈ రక్షణను పలచబరుస్తాయేమోనని మాజీ సైనికులు ఆందోళన చెందుతున్నారు. వారి ఆందోళనలో పస ఉంది. పేరు, పెళ్లి, పతకం విషయాల్లో కూడా ఇదే సూత్రాన్ని పాటించాలని మేము అడుగుతుంటే, ఉన్నచోటే దాన్ని సడలించడం తగదు.

ఇక లేఖనాల వైపు చూద్దాం. ఇలాంటి సంగతి వచ్చినప్పుడు మన ప్రసంగాల్లో ఠక్కున గుర్తొచ్చేది మొర్దెకై. రాజును చంపాలని బిగ్తాను, తెరెషు చేసిన కుట్రను బయటపెట్టాడు. ప్రతిఫలం దొరకలేదు. చాలాకాలానికి అహష్వేరోషుకు ఒక రాత్రి నిద్రపట్టక రాజ్య సమాచార గ్రంథం చదివించుకుంటే సంగతి బయటపడింది. దేవుని సమయం వస్తుంది, కనిపెట్టుకుని ఉండండి అని చెబుతాం. నిజం చెప్పాలంటే ఈ హవల్దారు గారు బతికుండగా రెండో అర్జీ తిరిగొచ్చిన రోజుల్లో ఆయనకు మేము చెప్పింది కూడా ఈ ప్రసంగమే. ఆయన వినయంగా తల ఊపి వెళ్లిపోయారు.

ఇప్పుడు ఆ అధ్యాయం మళ్లీ చదివితే మేము అప్పుడు గమనించనిది కనిపించింది. మొర్దెకై విషయంలో రికార్డు సరిగ్గా ఉంది. కుట్ర బయటపడిన రోజునే, రాజు ఎదుట, మొర్దెకై పేరుతోనే లేఖకుడు రాశాడు. జరగనిది సన్మానం మాత్రమే. ఆ లేఖకుడు ఆ రోజు సెలవులో ఉండి ఉంటే, లేక ద్వారపాలకుడొకడు అని పేరు లేకుండా రాసి ఉంటే, రాజుకు వంద రాత్రులు నిద్రపట్టకపోయినా ఏం లాభం? దేవుడు రాజు నిద్రను వాడుకున్నాడు, దానికంటే ముందు ఒక గుమాస్తా నిజాయితీని వాడుకున్నాడు. మన సిపాయికి లేనిది ఆ గుమాస్తా. కనిపెట్టుకుని ఉండమని అతనికి చెప్పడం మాకు సులభమైన బోధ, అంతే.

మన సంగతికి దగ్గరైన భాగం ఎజ్రా గ్రంథం రెండో అధ్యాయంలో ఉంది. సాధారణంగా పేర్ల జాబితా అని దాటేస్తాం. చెరనుంచి తిరిగొచ్చిన యాజకుల్లో బర్జిల్లయి వంశం ఉంది. వాళ్ల పూర్వికుడు గిలాదీయుడైన బర్జిల్లయి కుమార్తెను పెళ్లి చేసుకుని మామగారి పేరుతో పిలవబడ్డాడు. తిరిగొచ్చాక వంశావళి పుస్తకంలో తమ పేరు వెతుక్కుంటే దొరకలేదు. యాజకత్వం నుంచి తప్పించారు. పెళ్లి వల్ల పేరు మారింది, పేరు మారితే రికార్డు దొరకలేదు, రికార్డు దొరక్కపోతే హక్కు పోయింది. ఇరవై అయిదు శతాబ్దాల నాటి మాట ఇది. అయితే అధికారి వాళ్లను జనంలోనుంచి వెళ్లగొట్టలేదు, తలుపు శాశ్వతంగా మూయలేదు. ఊరీము తుమ్మీము ధరించిన యాజకుడు లేచేదాకా ఆగమన్నాడు. అంటే తీర్పు చెప్పగలవాడు వచ్చేదాకా విషయం తెరిచే ఉంచాడు. గడువు దాటిందనలేదు.

అదే గ్రంథం ఆరో అధ్యాయంలో ఇంకొకటి ఉంది. మందిరం కట్టుకోమని కోరెషు ఆజ్ఞ ఇచ్చాడని యూదులు అన్నారు. వాళ్ల దగ్గర అసలు పత్రం లేదు. దర్యావేషు ఏం చేశాడు? నకలు తెచ్చుకోండి, నోటరీ చేయించండి అనలేదు. తన ఖజానాలోని గ్రంథశాలలో తానే వెతికించాడు. బబులోనులో మొదలైన వెతుకులాట మాదీయుల దేశంలోని పట్టణంలో ఒక గ్రంథపు చుట్ట దొరకడంతో ముగిసింది. రికార్డు ఎవరి దగ్గర ఉందో వెతకవలసింది వాళ్లేనని అన్యరాజుకు తెలిసింది.

ఇది ఆచరణలో సాధ్యమా అని అడిగేవారికి అమెరికా అనుభవం చూపిస్తాం. అక్కడ 1946లో వచ్చిన చట్టం కింద సైనిక రికార్డులను సరిదిద్దడానికే పౌరులతో బోర్డులు ఏర్పడ్డాయి. రికార్డులో తప్పుందనో అన్యాయం ఉందనో అనిపించిన మాజీ సైనికుడు, అతను లేకపోతే అతని కుటుంబం, ఒక ఫారం నింపి అడగవచ్చు. తప్పు తెలిసిన మూడేళ్లలో అడగాలి, అయితే న్యాయం కోరితే బోర్డు ఆ గడువును మన్నించవచ్చు. 1973 జూలైలో సెయింట్ లూయిస్‌లోని సైనిక రికార్డుల భవనం తగలబడి 1 కోటి 60 లక్షల నుంచి 1 కోటి 80 లక్షల దాకా ఫైళ్లు బూడిదయ్యాయి. కాగితం లేదు పొమ్మనలేదు. జీతాల పట్టీలు, ఆసుపత్రి పుస్తకాలు, ఇతర కార్యాలయాల్లో మిగిలిన నకళ్లు తిరగేసి సేవ వివరాలను మళ్లీ కూర్చే పని ఆ కార్యాలయమే ఇప్పటికీ చేస్తోంది.

అక్కడా అంతా న్యాయమే జరిగిందని కాదు. 1906లో టెక్సాస్‌లోని బ్రౌన్స్‌విల్‌లో జరిగిన కాల్పులకు 167 మంది నల్లజాతి సైనికులను విచారణ లేకుండానే అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్ట్ గౌరవం లేకుండా సైన్యం నుంచి పంపేశారు. 1972లో సైన్యం ఆ రికార్డును దిద్ది వారిని నిర్దోషులన్నది. అప్పటికి మిగిలిన ఇద్దరు వృద్ధుల్లో ఒకరు డార్సీ విల్లిస్. మినియాపొలిస్‌లో దశాబ్దాల పాటు బూట్లు పాలిష్ చేసి బతికినవాడు. 66 ఏళ్ల తర్వాత గౌరవం దొరికింది. దాన్ని పట్టుకోవడానికి రెండు జతల చేతులే మిగిలాయి.

మన ప్రభుత్వాన్ని మేము అడిగేది ఆకాశాన్నంటే కోరిక కాదు. ప్రతి మాజీ సైనికుడికీ, అతని భార్యకూ వాళ్ల షీట్ రోల్‌లో ఏముందో తెలుగులో అచ్చువేసి ఒక్కసారి ఇంటికి పంపండి. తప్పుంటే అతను బతికుండగానే చెబుతాడు. పేరులో అక్షరభేదం మాత్రమే ఉన్నచోట జిల్లా సైనిక సంక్షేమ అధికారి వెళ్లి విచారించి సంతకం పెడితే చాలనండి. పతకాల విషయంలో యూనిట్ల యుద్ధ డైరీలూ, నెలవారీ పట్టీలూ ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి. అర్జీ రాగానే వాటిని వెతకడం అర్జీదారు పని అనకండి. 25 ఏళ్ల తర్వాత కాగితం నాశనం చేసే నియమాన్ని ఈ స్కానింగుల కాలంలోనైనా మార్చండి.

ప్రభుత్వాన్ని ఇంత అడిగాక మా బీరువా సంగతి చెప్పకపోతే అది వేషధారణ అవుతుంది.

ఆ పెద్దావిడ సంచి తీసుకుని మా దగ్గరికి వచ్చింది ప్రార్థన కోసం మాత్రమే కాదు, పెళ్లి రిజిస్టరు కోసం. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం కింద లైసెన్సు ఉన్న సేవకుడు రాసే రిజిస్టరు అల్లాటప్పా పుస్తకం కాదు, దాని నకళ్లు ప్రభుత్వానికి పంపాలి. కోర్టులో అది సాక్ష్యం. మేము దుమ్ము దులిపి 1974 నాటి పుట తెరిచాం. పెళ్లికుమారుడి పేరు ఉంది, వృత్తి సైనికుడు అని ఉంది. పెళ్లికుమార్తెకు బాప్తిస్మపు పేరు మాత్రమే ఉంది. తండ్రి పేరు సగం రాసి వదిలేశారు. వయసు గడి ఖాళీ. అప్పటి అయ్యగారు దైవజనుడు, సైకిలు మీద పన్నెండు ఊళ్లు తిరిగి సేవ చేసినవాడు. ఆ పుటలో మాత్రం గుమాస్తా చేసిన తప్పే ఆయనా చేశాడు.

వెంట వచ్చిన బంధువొకడు గొంతు తగ్గించి అన్నాడు: “ఖాళీ ఉంది కదండి. పాత పేరు పక్కన చిన్నగా రాసేయండి. అదే రంగు సిరా నేను తెస్తాను. అబద్ధమేమీ కాదు కదా.”

నిజంగానే అబద్ధం కాదు. ఆమె ఎవరో మాకు తెలుసు, ఊరందరికీ తెలుసు. ఒక్క నిమిషం చేయి ఆడింది. కానీ యాభై ఏళ్ల నాటి పుటలో ఈనాటి చేయి పెడితే ఆ రిజిస్టరులో ఉన్న మిగతా పెళ్లిళ్లన్నిటి సాక్ష్యం చెడిపోతుంది. రేపు ఏ విధవరాలో దాని మీదే ఆధారపడి వస్తుంది. కుదరదన్నాం. ఆయనకు కోపం వచ్చింది. పెద్దావిడ ఏమీ అనలేదు. ఆ మౌనమే మాకు ఎక్కువ కష్టంగా అనిపించింది.

తర్వాత మూడు రోజులు సంఘ పెద్దలిద్దరితో కలిసి పాత పుస్తకాలన్నీ తిరగేశాం. మిషనరీల కాలం నాటి నమూనాలో ఉన్న బాప్తిస్మ రిజిస్టరు ఒకటి చెదలు పట్టిన చివరి అరలో దొరికింది. అందులో పూర్వనామం అని ఒక గడి ఉంది. 1973 నాటి పుటలో ఆ గడిలో ఆమె పాత పేరు, పక్క గడిలో కొత్త పేరు, తండ్రి పేరు, ఊరు అన్నీ స్పష్టంగా ఉన్నాయి. ఆ పుటకూ, పెళ్లి పుటకూ ఉన్నది ఉన్నట్టుగా నకళ్లు తీసి, ఏ గడి ఖాళీగా ఉందో అదీ రాసి, ముద్రవేసి ఇచ్చాం. 1974 నాటి పుటలోని లోపం మా సంఘానిదని ఉత్తరంలో ఒప్పుకున్నాం.

ఈ పత్రిక చదివే సేవకులను ఒకటి అడుగుతున్నాం. ఈ నెలలో ఒక సాయంత్రం మీ రిజిస్టర్లు బయటికి తీయండి. మీ సంఘంలో సైనిక కుటుంబాలు ఎన్నో చూడండి. భర్త డిశ్చార్జి పుస్తకంలో భార్య పేరు ఎలా ఉందో, మీ పుస్తకంలో ఎలా ఉందో, ఆధార్‌లో ఎలా ఉందో ఆ దంపతులిద్దరూ బతికుండగానే సరిపోల్చండి. ఇకమీదట రాసే ప్రతి బాప్తిస్మంలో, ప్రతి పెళ్లిలో రెండు పేర్లూ రాయండి. గడి ఖాళీగా వదలకండి. సిరా చెదిరిన పుటలను ఫొటో తీసి దాచండి.

నకళ్లు పోస్టు చేసి ఆరు వారాలైంది. పోయిన ఆదివారం గుమ్మం దగ్గర అడిగాం. “అందినట్టు చీటీ వచ్చిందండి అయ్యగారూ, ఇంకేమీ రాలేదు” అన్నారావిడ. పతకం అర్జీ మళ్లీ రాద్దామని కూర్చున్నాం. ఆయన 1971లో ఏ యూనిట్‌తో ఉన్నారో ఆమెకు గుర్తులేదు. అప్పటికి వాళ్లకు పెళ్లి కాలేదు. ఆయనతో కలిసి పనిచేసినవాళ్లలో ఒకరు ఒంగోలు వైపు ఎక్కడో ఉన్నారని మాత్రం ఆయన చెప్పేవారట. ఆయన్ను వెతుకుతున్నాం.